పావురములు – సీసపు విషము

ధాన్యపుటంగళ్ల ముంగిట గింజ లేరుకొను పావురములను మనము నిత్యము చూచుచునే యున్నాము. అట్టి సామాన్యమైన పక్షి, మనము త్రొక్కు మట్టిలో ఎంత విషము గలదో తెలుపగలదన్న సంగతి విద్యార్థులకు ఆసక్తికరముగ నుండగలదు.

సీసము, పాదరసము, కాడ్మియము మున్నగువానిని భారలోహము లందురు. వీనిలో సీసము పిల్లలకు మిక్కిలి చెఱుపు చేయును. దేహము దీనిని కాల్షియమని పొరబడి యెముకలలో చేర్చుకొనును. మెదడు ఎదుగు వయసున కొంచెము చేరినను ఏకాగ్రత తగ్గి చదువు కుంటుపడును. హానిరహితమని తెలిసిన మోతాదేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తొలుత పైకి లక్షణము లంతగా కనబడకపోవుటయే ఇందలి చిక్కు.

పావురము వలసపోదు, తన పేటకు సమీపముననే బ్రతుకును. గింజలను కందనకాయలో నలుగగొట్టుకొనుటకై రాతిరేణువులను గూడ మ్రింగును. వానితోపాటు వీథిధూళియు, గోడలనుండి రాలిన రంగుపెచ్చులును లోనికి పోవును. నేలపై ప్రాకుచు, చేతిని నోట పెట్టుకొను పసిబిడ్డల సంగతియు నింతే కదా!

న్యూయార్కు నగరమందలి మన్‌హటన్‌లో 2010–2015 నడుమ జబ్బుపడి పక్షి చికిత్సాలయమునకు చేరిన 825 పావురముల రక్తపరీక్షలను ఫెయిమ్ కాయ్, రెబెక్కా కాలిసి అను పరిశోధకులు పరిశీలించి, ఫలితములను 2016లో ప్రకటించిరి. వేసవిలో పక్షుల రక్తమున సీసము హెచ్చుగ నుండెను. అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. పావురములలో సీస మధికముగ నున్న పేటలలోనే, రక్తమున సీసము హెచ్చిన పిల్లల నిష్పత్తియు నధికముగ నుండెను.

ఆ దేశమున ఇండ్ల రంగులలో సీసము 1978లోను, రోడ్డు వాహనముల పెట్రోలులో 1996లోను నిషేధింపబడినది. ఇన్నేండ్ల పిదపను అది పక్షి రక్తమున కనబడుటకు హేతువేమి? సీసము మూలధాతువు, కుళ్లి నశించునది కాదు. పాతగోడల పెచ్చులలోను, బాటప్రక్కల మట్టిలోను నిలిచియుండి, గాలి రేగినప్పుడెల్ల ధూళితో మరల లేచును. మన దేశమున సీసపు పెట్రోలు 2000లో ఆగినది. ఇండ్ల రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించి సీస ముండరాదన్న నియమము 2016 నాటిది. ఇక మన పాతగోడల మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే పరీక్షింపబడినవి జబ్బుపడిన పావురములు. నగరమందలి వన్నియు నట్టివే యని తీర్మానింపరాదు. రక్తము ఇటీవలి వారముల విషమును తెలుపును. ఎముక ఏండ్ల లెక్క తెలుపును. ఈక తాను మొలచునప్పుడు రక్తమందున్న లోహమును నిలుపుకొనును గాని, పైకంటిన ధూళిని కడిగి మఱి పరీక్షింపవలెను. స్వీడన్ దేశీయులు మ్యూజియములలోని పాత యీకలను పరీక్షించియే, పక్షులలో పాదరసము 1940 ప్రాంతము తరువాత పెరిగినదని 1966లో ప్రకటించిరి. విత్తనములకు పట్టించిన పాదరసపు మందే దానికి కారణము.

పావురము చూపునది పేటను మాత్రమే. ఏ బిడ్డకు ఎంత సోకినదో తెలియుటకు ఆ బిడ్డ రక్తమునే పరీక్షింపవలెను. జబ్బుపడిన పక్షిని మాత్రము విద్యార్థులు చేతితో పట్టరాదు. ఆ పని పశువైద్యులది.