ఇసుర్రాయి మీద చెయ్యి పెట్టి చదవండి

భాషాశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. హైదరాబాద్ నాచారంలో ఉంటాను. ఆదివారాలు ఉప్పల్, హబ్సిగూడ, మల్లాపూర్ నుంచి కొందరు పిల్లలు వస్తారు. దక్కనీ సూఫీ రచనలు కలిసి చదువుతాం. ఉర్దూ లిపి రానివాళ్లు తెలుగు లిపిలో రాసుకుని చదువుతారు. ఇన్నేళ్ల చదువులో నాకు స్థిరపడిన సంగతులు కొత్తగా చేరేవాళ్ల కోసం రాసిపెడుతున్నాను.

1. నిఘంటువు కంటే ముందు ఒంటిని అడగండి.

కోపం దిగింది, గుండె నిండింది, మనసులో దాచుకున్నాను, చదువులో వెనకబడ్డాడు. రోజూ అంటుంటాం, ఎవరూ వాటిని కవిత్వం అనుకోరు. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ తమ ‘మెటఫర్స్ వి లివ్ బై’లో చూపించింది ఇదే. మనిషి ఆలోచించేదే రూపకాల్లో. కంటికి ఆననిదాన్ని ఎక్కడం, దిగడం, నిండడం, నడవడం లాంటి ఒంటి అనుభవాలతో పట్టుకుంటాడు. సూఫీలు వాడిన సరంజామా కూడా అదే. వాళ్లకు సాధన ఒక దారి, సాధకుడు బాటసారి. మధ్యలో మజిలీలు, మకాంలు. సత్యానికీ మనకీ నడుమ పరదాలు. ఏదీ మనకు కొత్త కాదు. కాకపోతే మనం ఒక్క మాటలో దాటేసేదాన్ని వాళ్లు చివరికంటా నడిచి చూశారు.

2. చక్కీనామా చేతికి తెలియాలి.

అన్నిటికంటే నాకు ప్రియమైన పాఠం ఇది. బీజాపూర్ చిష్తీ సూఫీల పరంపరలో చక్కీనామాలు, చర్ఖానామాలు పుట్టాయి. ఆడవాళ్లు పిండి విసురుతూ, నూలు వడుకుతూ పాడుకునే దక్కనీ పాటలవి. రిచర్డ్ ఈటన్ 1978లో అచ్చయిన ‘సూఫీస్ ఆఫ్ బీజాపూర్’లో వీటి గురించి వివరంగా రాశాడు. దక్కన్‌లో సూఫీ భావం మామూలు ఇళ్లలోకి వెళ్లింది పండితుల ఫార్సీ గ్రంథాలతో కాదు, ఈ పాటలతోనని ఆయన వాదన. నాకది పూర్తిగా నిజమనిపిస్తుంది.

ఆ పాటల్లో ఒళ్లే ఇసుర్రాయి. నిటారుగా నిలబడ్డ పిడి అలిఫ్ అక్షరం, అంటే అల్లా. నడుమ ఇరుసు ముహమ్మద్. గదిలో కూర్చుని చదివితే ఇది సంకేతాల పట్టికలా ఉంటుంది. పిల్లలు అలాగే రాసుకున్నారు: పిడికి ఇది, ఇరుసుకు అది. వాళ్లకు తెలిసింది పిండి గిర్నీ ఒక్కటే. అందుకని నాచారం పాత ఊళ్లో ఒకరింటి వెనక ఉన్న ఇసుర్రాయి దగ్గరికి తీసుకెళ్లి, గుప్పెడు జొన్నలు పోయించి తిప్పమన్నాను. కాసేపట్లోనే భుజాలు పట్టేశాయి. ఆ ఇంటి పెద్దామె చూసి, “పాట లేకుంటే చెయ్యి ఆగుతది బిడ్డా” అన్నది.

అప్పుడు తెలిసింది వాళ్లకి. పిడి చేతితోపాటు తిరుగుతుంది, ఇరుసు కదలదు. దేవుడి పేరు పిడికిట్లో ఉండి చుట్టూ తిరుగుతుంటే, ప్రవక్త నడుమ నిలిచి ఆ తిరుగుడు చెదరకుండా పట్టి ఉంచుతాడు. తిరిగే చుట్టూ, తిరగని నడుమా: ఇలాంటి మూల ఆకృతుల్నే మార్క్ జాన్సన్ 1987లో ‘ఇమేజ్ స్కీమా’లన్నాడు. రాయి చుట్టు తిరగడానికి పట్టే ఊపిరిలోనే దైవనామమూ పడుతుంది. అంటే పని ఆపి జిక్ర్, అంటే దైవస్మరణ, చేయనక్కర్లేదు. ఆ పాట కట్టినవాళ్లకు ఆడవాళ్ల కష్టం తెలుసు, వాళ్ల తీరిక లేనితనమూ తెలుసు.

3. ‘సబ్ రస్’ని కథగానే చదవండి.

గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో ఉన్న ముల్లా వజ్హీ 1635లో రాసిన దక్కనీ వచనం ఇది. మూలకథ ఫత్తాహీ నిషాపురీ అనే ఫార్సీ కవిది. పడమట అక్ల్, అంటే బుద్ధి, రాజు. అతని కొడుకు దిల్, అంటే మనసు. తన్ అనే నగరాన్ని, అంటే ఒంటిని, ఏలుతుంటాడు. దిల్‌కు అమృతజలం కావాలి. దాన్ని వెతకడానికి నజర్, చూపు, గూఢచారిగా బయల్దేరుతుంది. తూర్పున రాజు ఇష్క్, అంటే ప్రేమ. అతని కూతురు హుస్న్, అంటే అందం.

పిల్లలు పక్కన అర్థాలు రాసుకుని, “అయిపోయింది సార్” అంటారు. అర్థాలు రాసుకున్నాకే అసలు చదువు మొదలవుతుంది. జిల్ ఫకోనియే, మార్క్ టర్నర్ 2002లో చెప్పిన ‘బ్లెండింగ్’ ఇక్కడ బాగా పనికొస్తుంది. రాజ్యతంత్రం, మనసు లోపలి సంగతి కలిసిపోయి మూడో లోకం ఒకటి ఏర్పడుతుంది. విడివిడిగా ఈ రెంటిలోనూ లేనివి అక్కడ జరుగుతాయి. ఇష్క్‌తో యుద్ధంలో అక్ల్ ఓడిపోతాడు. ఓడినవాణ్ణి చంపరు, ప్రేమరాజు కొలువులో వజీరును చేస్తారు. బుద్ధి చావాలని చెప్పే సూఫీ మాటలు మనం చాలా విన్నాం. బుద్ధికి ప్రేమ కింద కొలువిచ్చిన ఈ తీర్పు దర్బారు భాషలో తప్ప ఇంత తేటగా రాదు.

4. రూపకాలు ఢీకొన్నచోట ఆగండి.

ఫార్సీ సూఫీ కవి అత్తార్ కావ్యంలో పక్షులు తమ రాజును వెతుకుతూ ఏడు లోయలు దాటుతాయి. చివరికి మిగిలింది ముప్పై. రాజుకోసం వచ్చిన ఆ ముప్పైకీ అక్కడ కనబడింది తామే. దారి అన్నాక దూరం ఉండాలి, ముగింపులో దూరమే లేదు. “మరి నడిచిందంతా దండగేనా సార్?” అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ప్రతి రూపకం ఒకవైపు చూపిస్తూ ఇంకోవైపు కప్పేస్తుంది. ఆ సంగతి తెలిసే ఈ రచయితలు రెండో రూపకాన్ని తెచ్చి మొదటిదానికి తగిలిస్తారు. నడవనివాడికి దూరం విరిగిపోవడం తెలియదు.

5. “ఇది మన వేదాంతమే కదా” అని తొందరపడకండి.

రెండువైపులా తెలిసి ఆ మాట అనగలిగినవారున్నారు. పిఠాపురం ఉమర్ అలీషా (1885–1945) ఫార్సీ చదివి ఖయ్యామ్‌ను తెలుగు చేసినవాడు, పీఠాధిపతి, తెలుగు కవి. మనం ముందు తేడా చూడ్డం నేర్చుకోవాలి. ఒళ్లు అందరికీ ఒకటే కనక పోలికలు ఎక్కడైనా పుడతాయి. మన తత్వాల్లో ఒళ్లు తొమ్మిది వాకిళ్ల ఇల్లు. ఇల్లు అన్నాక వదిలిపోవడం గురించిన చింత వస్తుంది. వజ్హీకి ఒళ్లు నగరం. నగరం అన్నాక ఎవరు ఏలాలన్న ప్రశ్న వస్తుంది. ఈ తేడాను చెరిపేస్తే రెండిటికీ అన్యాయమే.

6. ఈ రూపకాల శాస్త్రం మాట ఎలా కట్టారో చెబుతుంది, అనుభవం నిజమా కాదా అన్నది తేల్చదు.

దర్గాలో కళ్లు మూసుకున్నవాళ్ల ముందు నోటు పుస్తకం తెరవకండి. అలీ పేరిట దర్గా ఉన్న మౌలాలీ గుట్ట ఎక్కేటప్పుడు కూడా అంతే. ముందు మెట్లెక్కండి, ఆయాసం తెలియనివ్వండి. కిందికొచ్చాక మహలఖా బాయి చందా (1768–1824) సమాధి చూడండి. తన గజళ్లను అలీని తలుచుకుంటూ ముగించిన కవయిత్రి ఆమె.

7. వచ్చేసారి చర్ఖానామా మొదలుపెడదాం. ఎవరింట్లోనైనా అమ్మమ్మల నాటి రాట్నం అటక మీద ఉంటే దింపి, తాడు కట్టించి తెండి. దూది నేను తెస్తాను.