కనగుర్త: తెలుగు పేరు శాస్త్రనామమైన క్రమం

బంగాళాఖాతపు చేపలలో కొన్నింటి శాస్త్రనామాలలో తెలుగు మాటలు నిలిచి ఉన్నాయి. వాటిలో సుపరిచితమైనది రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఈ పేరు ఏర్పడిన తీరును పరిశీలిస్తే, కొత్త జాతిని గుర్తించడం వేరు, దానిని శాస్త్రబద్ధంగా వర్ణించి నిలబెట్టడం వేరు అన్న సంగతి విద్యార్థికి స్పష్టపడుతుంది.

ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్, విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలను చిత్రాలతో సహా 1803లో లండన్‌లో ప్రచురించాడు. అనేక చేపలకు స్థానికులు పలికే పేరునే శీర్షికగా ఉంచాడు. 136వ చిత్రఫలకం కనగుర్తది. వర్ణన ఉంది, బొమ్మ ఉంది. అయినా ఆ పేరు శాస్త్రనామంగా చెల్లలేదు. ప్రజాతి, జాతి పదాలు రెండూ కూడిన లిన్నేయస్ పద్ధతి నామం అందులో లేకపోవడమే కారణం. 1816లో జార్జ్ కువియే ఆ ఫలకాన్నే ఆధారంగా తీసుకొని స్కాంబర్ కనగుర్త అని నామకరణం చేశాడు. మాట జాలరులది, బొమ్మ రస్సెల్‌ది, కర్తృత్వం మాత్రం కువియేది. ఇది అన్యాయంగా తోచవచ్చు. కాని నామకరణ నియమం ఎవరు ముందు చూశారని అడగదు; చెల్లే పేరుతో ఎవరు ముందు ప్రకటించారని అడుగుతుంది.

మోర్తాడ్ వంటి పసుపు ప్రాంతంలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తకు స్థానిక నామాల చిక్కు తెలియనిది కాదు. ఆర్మూరు, దుగ్గిరాల, మైదుకూరు అని రైతు వేరుచేసి చెప్పేవన్నీ కుర్కుమా లాంగా అనే ఒకే జాతిలోని రకాలు. చేపల రేవులో ఇందుకు విరుద్ధమైన స్థితి ఎదురుకావచ్చు: ఒకే పేరు కింద రెండు జాతులు కలిసిపోతాయి. కనగుర్తను పోలిన రాస్ట్రెల్లిగర్ ఫౌగ్ని 1967 వరకు వర్ణనకు రాలేదు. మొప్ప విల్లు లోపలి అంచున దువ్వెన పళ్ళవలె ఉండే ముళ్ళు కనగుర్తలో పొడవైనవి; విల్లు కింది భాగంలో 30కి పైగా ఉంటాయి. ఫౌగ్నిలో అవి పొట్టివి, 21 నుండి 26 మాత్రమే. తట్టలో చూస్తే ఈ భేదం కనబడదు. మొప్పమూత ఎత్తి లెక్కించాలి.

నేడు బొమ్మ ఒక్కటే చాలదు. 1999 తరువాత ప్రకటించే ప్రతి కొత్త జాతికి నామవాహక నమూనాను స్పష్టంగా నిర్దేశించాలి. 2017లో వర్ణితమైన, విశాఖ పేరు మోస్తున్న మోరే పాము చేప గిమ్నోథొరాక్స్ విశాఖెన్సిస్ ఈ నియమాల కాలానికి చెందినది.

వర్ణించిన జాతి కూడా ఒక్కొక్కప్పుడు నిలవదు. రస్సెల్ ‘ఎరెగూడు టెంకి’ అని నమోదు చేసిన టేకు చేప పేరు మొబ్యులా ఎరెగూడుగా శాస్త్రంలోకి వచ్చింది. 2018లో ఒక అధ్యయనం దానిని మొబ్యులా కూలీలో కలిపివేసింది; 2020లో మరొక అధ్యయనం తిరిగి వేరు జాతిగా నిలిపింది. ఇది కేవలం పేర్ల తగవు కాదు. అంతరించే ప్రమాదమున్న రెండు జాతులను ఒకే పేరుతో లెక్కిస్తే, ఒకటి తగ్గిపోతున్నా పట్టుబడి పట్టికలో తెలియదు.

కనుక రేవులో అనుమానాస్పదమైన చేప కనబడినప్పుడు రంగు మాయకముందే ఛాయాచిత్రం తీయాలి. జాలరి చెప్పిన పేరు, పట్టిన లోతు, వల రకం, తేదీ రాసుకోవాలి. ఫార్మలిన్‌లో ఉంచక మునుపే చిన్న కండ ముక్కను ఆల్కహాల్‌లో భద్రపరచాలి. ఫార్మలిన్ సోకిన కణజాలం నుండి జన్యు పరీక్షకు తగిన డీఎన్ఏ లభించడం కష్టం.