మధ్యలో ఆపెయ్, ఏం పర్లేదు

చెల్లీ, ఒక్క మాట చెప్తాను విను. చాట్‌జీపీటీనో జెమినీనో ఏదో అడుగుతావు. అది టకటకా రాసుకుంటూ పోతుంది. నువ్వడిగింది ఇది కాదని రెండో లైన్లోనే తెలిసిపోతుంది. అయినా చివరిదాకా చూస్తూ కూర్చుంటావు. ఎందుకే? ఎవరైనా మాట్లాడుతుంటే అడ్డురాకూడదని మనకి చిన్నప్పట్నుంచీ నూరిపోశారు. పెద్దవాళ్ల దగ్గర అది మంచి అలవాటే. దీని దగ్గర ఆ మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న పంపడానికి బాణం గుర్తు నొక్కుతావు కదా, జవాబు మొదలవగానే అక్కడే ఓ చిన్న చదరం కనిపిస్తుంది. పాత టేప్ రికార్డర్ల స్టాప్ బటన్ మీద ఉండే గుర్తే. నొక్కావంటే రాత ఆగిపోతుంది.

జవాబంతా ముందే రాసిపెట్టుకుని మనకి కొంచెం కొంచెంగా చూపిస్తోందని చాలామంది అనుకుంటారు. అలా కాదమ్మా. టోకెన్లనే చిన్న చిన్న ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి అప్పటికప్పుడు పుడతాయి. ప్రతి ముక్కా ముందు వచ్చినవాటిని చూసుకునే వస్తుంది. అందుకే మొదట్లో దారి తప్పితే చాలాసార్లు చివరిదాకా అదే దారి. పాపకి జ్వరమొచ్చింది, బడికి సెలవు చీటీ రాసిమ్మన్నావనుకో. అది "మా అబ్బాయికి జ్వరం" అని మొదలెడితే, కింద "రాలేకపోతున్నాడు", "తగ్గగానే వస్తాడు" అంటూనే పోతుంది. ఆ మొదటి వాక్యం దగ్గరే ఆపు. పైన నీ ప్రశ్న దగ్గరికెళ్లి "అమ్మాయి, ఆరో తరగతి, రెండ్రోజులు సెలవు, నాలుగు లైన్లు చాలు" అని దిద్ది మళ్లీ పంపు. కిందనే ఇంకో ప్రశ్న వేయడం కన్నా ఇదే నయం. ఎందుకంటే ఆపేసిన సగం జవాబు కూడా చాలాసార్లు ఆ సంభాషణలోనే ఉండిపోతుంది, తర్వాత రాసేటప్పుడు అది దాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది.

ఒకప్పుడు మన తెలుగువాళ్లకి ఈ బటన్ మరీ అవసరంగా ఉండేది. 2024 మేలో జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్ తెచ్చినప్పుడు, చాట్‌జీపీటీని తయారుచేసే ఓపెన్‌ఏఐ వాళ్లే ఓ నమూనా చూపించారు. అవే తెలుగు మాటలకి పాత పద్ధతిలో 159 టోకెన్లు, కొత్తదాంట్లో 45. ముక్కలు ఎక్కువైతే రాయడానికి పట్టే సమయమూ ఎక్కువే. అంతకుముందు తెలుగులో అడిగినవాళ్లు పనికిరాని జవాబు కోసం కూడా ఎంతసేపు కాచుకున్నారో చూడు!

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. మందుల సంగతి, భూమి కాగితాల సంగతి అడిగినప్పుడు మధ్యలో ఆపితే ఆ సగం చదివి ఏ పనీ చేయకు. "గర్భిణులు వాడకూడదు" లాంటి ముఖ్యమైన మాట చాలాసార్లు చివర్లోనే వస్తుంది. పూర్తిగా వచ్చినా డాక్టరునో లాయరునో అడగాల్సిందేలే, అది వేరే సంగతి.

టైపు చేయడం రాని అమ్మకి మాట్లాడే పద్ధతి పెట్టివ్వు. జెమినీలో దాని పేరు లైవ్, అందులో అది చెబుతుండగానే అడ్డుపడి మాట్లాడొచ్చు. ఆ సంగతి అమ్మకి ముందే చెప్పు, లేకపోతే పాపం అది ముగించేదాకా ఊరుకునే ఉంటుంది.

ఇలాంటి యాప్‌లు తయారుచేసే మన పిల్లలకీ ఇదే చెప్తున్నాను. ఆ చదరాన్ని మూలన దాచకండి, చూపు సరిగా ఆనని వాళ్ల వేలికి కూడా అందేలా పెట్టండి. నొక్కగానే తెర మీద రాత ఆగితే సరిపోదు, వెనక సర్వర్ కూడా ఆగాలి. ఎవరూ చదవని మాటల కోసం కరెంటూ డబ్బూ తగలెయ్యడం దేనికి?