పొరపాటున తట్టిన తలుపు: ఒక మరణము, రెండు తీర్పులు

విద్యార్థులారా! పౌరశాస్త్రములో ఆత్మరక్షణ హక్కును గూర్చిన పాఠము వచ్చినపుడెల్ల మీలో ఎవరో ఒకరు మమ్ములను అడుగు ప్రశ్న యొకటి కలదు. “దొంగ యనుకొని ఒక గృహస్థు తన యింటివద్ద నిరపరాధిని చంపినచో, అతడు నేరస్థుడగునా, కాడా?” పాఠ్యపుస్తకములోని రెండు పంక్తులు ఈ ప్రశ్నకు చాలవు. కావున 1992వ సంవత్సరమున అమెరికాలో జరిగి, రెండు దేశముల ప్రజలను ఏండ్ల తరబడి వాదోపవాదములలో ముంచిన ఒక సంఘటనను ఇచ్చట పరిశీలింపదలచితిమి. అందు మరణించినవాడు మీ యీడు బాలుడు. తన భాష కాని భాష నడుమ చదువుకొనుచుండినవాడు. తెలుగు ఇంటిలోను, వేరొక భాష బజారులోను మాటలాడు మన పిల్లలు ఈ వృత్తాంతమును తెలిసికొనుట మంచిదని మా అభిప్రాయము.

హత్తోరి యోషిహిరో జపాను దేశమునందలి నగోయా నగరవాసి. వయస్సు 16 సంవత్సరములు. విద్యార్థుల పరస్పర వినిమయ పథకము క్రింద 1992 ఆగస్టులో అమెరికాకు పోయి, లూసియానా రాష్ట్రపు రాజధానియగు బేటన్ రూజ్‌లో ఒక కుటుంబమువారి యింట అతిథిగా నుండి, అచ్చటి ఉన్నత పాఠశాలలో చేరెను. ఆ యింటి బాలుడును ఇంచుమించు ఇతని యీడువాడే. ఇద్దరును స్నేహితులైరి.

అక్టోబరు నెలలో అమెరికనులు హాలోవీన్ అను పండుగను జరుపుకొందురు. పిల్లలు, యువకులు చిత్రవిచిత్రములైన వేషములు ధరించి ఇండ్లకు పోవుదురు, విందులు చేసికొందురు. మన బ్రహ్మపురపు ఠాకురాణి యాత్రలో వేషములు కట్టినవారు వీధుల వెంట తిరుగుటను చూచినవారికి ఇది వింతగా తోపదు. అక్టోబరు 17వ తేదీ రాత్రి అట్టి విందు ఒకదానికి ఈ బాలురిద్దరు బయలుదేరిరి. యోషిహిరో ఒక సినిమా నటుని ననుకరించుచు తెల్లని సూటు ధరించెను. రెండవ బాలుడు గాయపడినవానివలె మెడకు కట్టు కట్టుకొనెను. పోవలసిన యింటి నెంబరులో రెండంకెలు తారుమారైనవి. వారు చేరిన యిల్లు అదే వీధిలోనిది. దాని ముంగిటను పండుగ అలంకారములుండెను. తాము రావలసిన యిల్లు ఇదియే యని వారు నమ్ముటలో ఆశ్చర్యము లేదు.

వారు వీధి తలుపు గంట మ్రోగించిరి. ఎవ్వరును పలుకలేదు. ప్రక్కన కారు నిలుపు చోటికి తెరచుకొను తలుపును తీసి గృహిణి తొంగి చూచెను. చూచిన వెంటనే భయపడి తలుపు మూసి, తుపాకి తెమ్మని భర్తను కేకవేసెను. భర్త లోనికి పోయి రివాల్వరును తెచ్చెను. ఇంతలో బాలురు ఇల్లు పొరపడితిమేమో యని తలచి వెనుదిరిగి వీధి వైపు నడువసాగిరి.

ఈ క్షణమును మీరు మనసున నిలుపుకొనవలెను. తలుపు మూసియున్నది. బాలురు వెళ్ళిపోవుచున్నారు. లోపల టెలిఫోను కలదు. గృహస్థుడు ఆ మూసిన తలుపును తానే తెరచెను.

తలుపు చప్పుడు విని యోషిహిరో ఉత్సాహముగా వెనుకకు తిరిగి, తాము విందునకు వచ్చితిమని ఇంగ్లీషులో చెప్పుచు ముందుకు వచ్చెను. తుపాకిని గమనించిన రెండవ బాలుడు వెనుకనుండి హెచ్చరించెను. గృహస్థుడు “ఫ్రీజ్” అని అరచెను. బాలుడు ఆగలేదు. నాలుగైదడుగుల దూరమునుండి పేల్చిన ఒక్క గుండు అతని రొమ్మున దూరెను. ఆసుపత్రికి కొనిపోవుచుండగా అంబులెన్సులోనే ప్రాణము పోయెను.

“ఫ్రీజ్” అనగా నేమి? ఇంగ్లీషు వాచకములో మీరు నేర్చిన అర్థము నీరు మంచుగా గడ్డకట్టుట. అమెరికాలోని పోలీసువాడు తుపాకి చూపి ఈ మాట పలికినచో, “కదలకుము, కదిలిన కాల్చెదను” అని అర్థము. రెండు నెలల క్రిందట వచ్చిన పరదేశపు బాలునికి ఈ రెండవ అర్థము తెలిసియుండునా? “ప్లీజ్” అని విని, లోనికి ఆహ్వానించుచున్నారని భ్రమపడెనా? నాటి రాత్రి అతడు కంటి అద్దములు కూడ ధరించలేదట. తుపాకిని చూడనేలేదో, చూచియు పండుగ వేళాకోళముగ భావించెనో! జపానులో ఈ ఒక్క మాటపై ఎడతెగని చర్చ సాగెను. బడులలో ఇంగ్లీషు బోధించు పద్ధతి సరికాదని కొందరు ఉపాధ్యాయులను నిందించిరి. ఉపాధ్యాయులమైన మాకు ఆ నింద అన్యాయముగనే తోచుచున్నది. తుపాకి గురిపెట్టి పలుకు మాటలను బాలశిక్షలో చేర్చవలెననుట ఎట్టి విద్యావిధానము?

పోలీసులు మొదట ఆ గృహస్థుని ప్రశ్నించి విడిచిపెట్టిరి. తన యింటిని కాపాడుకొనుటలో నేరమేమియు కనబడదని వారి భావము. లూసియానా గవర్నరును, జపాను ప్రభుత్వ ప్రతినిధియు కలుగజేసికొన్న పిమ్మట నరహత్యా నేరము మోపబడెను. 1993 మే నెలలో విచారణ జరిగెను.

గృహస్థుని పక్షమువారి వాదమును మనము తేలికగ త్రోసివేయరాదు. అతడు పూర్వము నేరచరిత్ర గలవాడు కాడు; ఒక దుకాణములో మాంసవిభాగమును చూచుకొను సామాన్య కుటుంబీకుడు. లోపల భార్యాబిడ్డలున్నారు. రాత్రివేళ ఎరుగని మనుష్యుడు నవ్వుచు వేగముగ మీదికి వచ్చుచున్నాడు, ఆగుమన్నను ఆగడు. “నేను మిక్కిలి భయపడితిని” అని అతడు సాక్ష్యమిచ్చెను. ఆలోచించుటకు తావే లేకపోయెనని భార్యయు చెప్పెను. ఇంటికి వచ్చిన ఎవరికైనను తుపాకి చేతబట్టి తలుపు తీయుటకు ఆ రాష్ట్రపు చట్టము ఒప్పుకొనునని వారి న్యాయవాది వాదించెను. ప్రాసిక్యూషనువారు అడిగినది సూటియైన ప్రశ్న: అంత భయమున్నచో తలుపు మూసికొని పోలీసులకు టెలిఫోను చేయనేల లేదు?

పన్నిద్దరు సభ్యుల జ్యూరీ మూడు గంటలకు కొంచె మెక్కువగా చర్చించి, అతడు నిర్దోషి యని తీర్పు చెప్పెను. కోర్టు హాలులో కొందరు కరతాళధ్వనులు చేసిరి. ఆ చప్పట్ల వార్త జపానులో తుపాకి ప్రేలుడుకన్న తక్కువ బాధను కలిగింపలేదు. 1958 నాటి శాసనము ననుసరించి అచ్చట సామాన్యుని యింట రివాల్వరు ఉండుటయే అరుదు. మనుష్యుడు తలుపు తట్టుటయు, గృహస్థుడు తుపాకి తీయుటయు ఒక్క వాక్యములో ఇముడవచ్చునని వారికి అంతవరకు తెలియదు. అయితే అమెరికనులందరు ఒక్క తీరుగ ఆలోచించిరని తలపరాదు. బాలునికి ఆశ్రయమిచ్చిన అమెరికను కుటుంబమే ఆ తల్లిదండ్రులతో కలిసి, తుపాకుల విక్రయమును అదుపు చేయవలెనని ప్రచారము సాగించెను. పొరుగువారిలో కొందరు గృహస్థుని పక్షమున నిలిచిరి. బాలుడు తెల్లవాడైనచో ఆ గృహిణి అంత భయపడియుండునా యని మరికొందరడిగిరి. ఆ ప్రశ్నకు సాక్ష్యములలో తెగిన సమాధానము లేదు గాని, అడుగదగిన ప్రశ్నయే.

మరుసటి సంవత్సరము, 1994 సెప్టెంబరులో, తల్లిదండ్రులు వేసిన సివిలు దావా విచారణకు వచ్చెను. ఇచ్చట జ్యూరీ లేదు. సాక్ష్యములను విన్న న్యాయాధిపతి, ఆయుధమును ప్రయోగింపవలసిన అగత్యమే లేదని నిర్ణయించి, 6 లక్షల 53 వేల డాలర్ల నష్టపరిహారమును విధించెను. (అందులో తల్లిదండ్రులకు అందినది ఇన్సూరెన్సు కంపెనీ చెల్లించిన లక్ష డాలర్లే.) అదే కాల్పు, అదే తలుపు. ఒక కోర్టు నిర్దోషి యనెను, రెండవది బాధ్యుడవనెను. ఇది పరస్పర విరుద్ధము కాదా యని మీరడుగవచ్చును. క్రిమినలు విచారణలో సందేహమునకు తావు లేకుండ నేరము రుజువు కావలెను. ఇసుమంత సహేతుకమైన సందేహమున్నను ముద్దాయి విడువబడును. సివిలు దావాలో ఏ పక్షము వాదము ఎక్కువ నమ్మదగినదో చూచిన చాలును. త్రాసు ఒక్కటే, తూనికరాళ్ళు వేరు. మా మట్టుకు, రెండవ తీర్పే సత్యమునకు చేరువయైనదని తోచుచున్నది. ఆ మనుష్యుని భయము నిజమే కావచ్చును. భయము నిజమైనంతమాత్రమున అపాయము నిజము కాదు. ఆ రెంటికి నడుమ ఉన్నది మూసిన తలుపు. దానిని మూసియే యుంచుట అతని చేతిలోని పని.

మన దేశపు చట్టమేమి చెప్పును? 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 79వ సెక్షను ప్రకారము, వాస్తవ విషయములో పొరబడి, తాను చేయునది న్యాయసమ్మతమని సద్భావముతో నమ్మి చేసిన పని నేరము కాదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో ఇదియే 17వ సెక్షను. ఇందు “సద్భావము” అను మాట కీలకము. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేక నమ్మినది సద్భావము కాదని చట్టమే నిర్వచించినది. ఆత్మరక్షణ హక్కునకును హద్దులు కలవు: అధికారుల సహాయమును కోరుటకు వ్యవధి యున్నచో ఆ హక్కు లేదు, అవసరమునకు మించిన హాని చేయరాదు.

జాగ్రత్త యనగా ఎంత జాగ్రత్త? దీనిపై న్యాయశాస్త్ర విద్యార్థులందరు చదువు తీర్పొకటి మన రాష్ట్రములోనే పుట్టినది. ఉత్తర ఒడిశాలో రసగోవిందపురము వద్ద, రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాశ్రయమొకటి పాడుబడియుండెను. అచ్చట దయ్యములు తిరుగునని జనుల నమ్మకము. 1958లో పాత సామానులు కొనుటకు వచ్చిన ఒక వ్యాపారియు, అతని నేపాలీ సేవకుడును, మరికొందరును దయ్యములను చూతమని అర్ధరాత్రి ఆ మైదానమున పోవుచుండిరి. దూరమున ఒక దీపము మిణుకుమిణుకుమనుచు, దాని చుట్టు నీడలు కదలుచుండెను. సేవకుడు పరుగెత్తిపోయి కుక్రీతో విచక్షణ లేక నరికెను. తీరా చూడగా వారు లాంతరు వెలుగున ఇప్పపూలు ఏరుకొనుచున్న పల్లె స్త్రీలు. ఒకామె మరణించెను, ఇతరులు గాయపడిరి.

అతడు దయ్యములనే కొట్టుచున్నానని నిజముగ నమ్మెనని ఒరిస్సా హైకోర్టు అంగీకరించి, క్రింది కోర్టు చేసిన విడుదలను ఖాయపరచెను. టార్చిలైటు వేసి చూచియుండిన తెలిసెడిది కదా యను వాదమును కోర్టు చెల్లనీయలేదు. అతని స్థితిని, నమ్మకములను బట్టి జాగ్రత్తను కొలువవలెననెను. న్యాయవేత్తలలో అనేకులు ఈ తీర్పును గౌరవింతురు. మాకు మాత్రము ఒక సంకోచము. దీపము పట్టుకొని పూలేరుకొను స్త్రీ తన బ్రతుకును ఇతరుల మూఢనమ్మకమునకు తాకట్టు పెట్టవలసినదేనా? దీనిని మీరు మీ తల్లిదండ్రులతో చర్చింపుడు. వారు మాతో ఏకీభవింపకపోవచ్చును.

ఇట్టివి గతకాలపు మాటలని అనుకొనుటకు వీలులేదు. 2023 ఏప్రిలులో అమెరికాలోని కాన్సస్ సిటీలో 16 ఏండ్ల నల్లజాతి బాలుడొకడు తన తమ్ములను ఇంటికి తోడ్కొని వచ్చుటకు బయలుదేరి, వీధిపేరులో ఒక్క మాట తప్పి, వేరొక యింటి గంట మ్రోగించెను. 84 ఏండ్ల గృహస్థుడు తలుపు వెనుకనుండియే కాల్చెను. దైవవశమున ఆ బాలుడు బ్రతికెను. ఈ మారు ప్రజల ఆగ్రహము పెల్లుబికి కొలది దినములలోనే కేసు నమోదయ్యెను. 2025 ఫిబ్రవరిలో ఆ వృద్ధుడు నేరమును ఒప్పుకొని, శిక్ష విధింపబడక మునుపే మరణించెను.

యోషిహిరో తల్లిదండ్రుల మాట చెప్పవలసియున్నది. వారు అమెరికను ఇండ్లలో తుపాకులు తొలగవలెనని కోరుచు జపానులో 16 లక్షలకు పైగా సంతకములు సేకరించి, 1993 నవంబరులో అధ్యక్షుడు క్లింటనును కలిసికొనిరి. ఆ నెలాఖరుననే, చేతితుపాకి కొనువాడు 5 దినములు వేచియుండవలెనను బ్రాడీ చట్టముపై అధ్యక్షుడు సంతకము చేసెను. ఆ చట్టము కొరకు అమెరికనులు అంతకుముందు ఎన్నియో ఏండ్లుగా పోరాడుచుండిరి. కావున దాని కీర్తి నంతయు ఈ తల్లిదండ్రులకు కట్టబెట్టుట సరికాదు. వారు చేసిన పని మరియొకటి కలదు. కుమారుని పేర ఒక నిధిని నెలకొల్పి, అమెరికా ఉన్నత పాఠశాలల విద్యార్థులను జపానుకు రప్పించి, అచ్చటి కుటుంబముల యిండ్లలో ఉంచి చదివించిరి.