తెల్లదోమకు పసుపూ ఆకూ ఒకే పచ్చ: గులాబీ తోటలో రంగుల చూపును పరీక్షించడం ఎలా?

హోసూరు నుంచి బాగలూరు వైపు వెళ్లినా, తళి వైపు వెళ్లినా, పాలీహౌస్‌లలో గులాబీ సాళ్ల మీద పసుపు అట్టలూ నీలం అట్టలూ వేలాడుతుంటాయి. దగ్గరికెళ్లి చూస్తే వాటి మీద నువ్వులు చల్లినట్టు పురుగులు. పసుపే ఎందుకు, నీలమే ఎందుకు అని అడిగితే ‘పురుగుకు ఆ రంగంటే ఇష్టం’ అంటారు. ఆ జవాబుతో నాకు ఎప్పుడూ తృప్తి కలగలేదు. పురుగు అట్టను చూసి ఆకనుకుంటోంది, పువ్వనుకుంటోంది. అలా ఎందుకు పొరబడుతుందో తెలియాలంటే ముందు మన కన్ను ఎలా చూస్తుందో తెలియాలి. అందుకు ప్రయోగశాల అక్కర్లేదు. పెరట్లో నాలుగు గులాబీ మొక్కలు, ఓ పది రోజుల ఓపిక ఉంటే చాలు.

కావలసినవి: పసుపు, నీలం, ఎరుపు, బూడిద రంగు చార్టు కాగితాలు, నాలుగు పారదర్శక ప్లాస్టిక్ కవర్లు, కొంచెం ఆముదం లేదా గ్రీజు, దారం, భూతద్దం, లెక్క రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం.

మొదటి రోజు సాయంత్రం: ఎర్ర గులాబీ నల్లబడేదాకా కూర్చోండి

ముదురు ఎరుపు పువ్వు ఒకటి ఎంచుకోండి. మన ప్రాంతంలో ఎక్కువగా పండించే తాజ్‌మహల్ రకమైతే మరీ మంచిది. పొద్దు గుంకడానికి అరగంట ముందే దాని ఎదురుగా కూర్చోండి. లైటు వేయకండి, ఫోను తీయకండి. వెలుతురు ఉన్నంతసేపూ పువ్వే ముందు కంటపడుతుంది, ఆకు వెనక్కి తగ్గి ఉంటుంది. చీకటి పడేకొద్దీ ఇది తిరగబడుతుంది. పువ్వు నల్లబడిపోతుంది, ఆకు మాత్రం లేత బూడిద రంగులో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. మారింది పువ్వు కాదు, మీ కన్ను. చెక్ దేశపు శాస్త్రవేత్త పుర్కిన్యే ఈ మార్పును 1820లలోనే గమనించి రాశాడు.

మన రెటీనాలో రెండు రకాల కణాలున్నాయి. పగటి వెలుతురులో రంగులు చూపేవి శంకు కణాలు, సుమారు 60 లక్షలు. మసక వెలుతురులో పనిచేసేవి దండ కణాలు, సుమారు 12 కోట్లు. దండ కణాలకు రంగులు విడదీయడం తెలియదు. నీలాకుపచ్చ కాంతికి అవి బాగా స్పందిస్తాయి, ఎరుపును దాదాపు పట్టించుకోవు. అందుకే ముందుగా చీకట్లో కలిసిపోయేది ఎర్ర పువ్వే.

రెండో రోజు: ఫోను తెర మీద నీటి చుక్క

ఫోనులో పసుపు రంగు బొమ్మ తెరిచి, తెర మీద చిన్న నీటి చుక్క వేసి దగ్గరగా చూడండి. భూతద్దం ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కనిపిస్తాయి గానీ పసుపు చుక్క ఎక్కడా ఉండదు. తెరలో అసలు పసుపు దీపమే లేదు.

మన శంకు కణాలు మూడు రకాలు. ఒక రకం నీలం వైపు కాంతికి (సుమారు 420 నానోమీటర్లు), ఇంకొకటి ఆకుపచ్చకు (సుమారు 530), మూడోది మరికాస్త పొడవు తరంగాలకు (సుమారు 560) బాగా స్పందిస్తాయి. ఆఖరి రెండూ ఇంచుమించు సమానంగా కదిలితే మెదడు దాన్ని పసుపుగా చదువుకుంటుంది. అంటే ఆకును, పసుపుకొమ్మును వేరుగా చూడాలంటే ఆ మూడో కణం ఉండి తీరాలి.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. తెలుగులో ‘పచ్చ’ అంటే ఆకుదీ అవుతుంది, పసుపుదీ అవుతుంది. ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందో మాట చేర్చి విడదీసుకుంటాం. తెల్లదోమకు, పేనుబంకకు ఆ ముందు మాట లేదు. ఎరుపు వైపు కాంతిని పట్టే కణం వాటి కంట్లో లేదు, అతినీలలోహితం, నీలం, ఆకుపచ్చ దగ్గరే వాటి చూపు ఆగిపోతుంది. కాబట్టి ఆకూ పసుపు అట్టా వాటికి ఒకే పచ్చ.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ పురుగులు ఆకుపచ్చ కాంతి ఎంత, నీలం కాంతి ఎంత అని పోల్చుకుని వాలతాయి. ఆకుపచ్చ ఎక్కువై, నీలం తక్కువైనకొద్దీ అది లేత చిగురని వాటి లెక్క. పసుపు కాగితం ఆకుపచ్చ కాంతిని ఆకుకన్నా ఎక్కువగా వెనక్కి పంపుతుంది, నీలాన్ని దాదాపు పంపదు. అందువల్ల అసలు చిగురుకన్నా అట్టే వాటికి మంచి చిగురులా కనిపిస్తుంది.

మూడో రోజు: అట్టలు కట్టడం

నాలుగు కాగితాలూ ఒకే కొలతకు కత్తిరించి కవర్లలో పెట్టండి. కవరు పైన రెండు వైపులా ఆముదం పలచగా రాయండి. చిక్కగా రాస్తే ఎండకు కారి ఆకుల మీద పడుతుంది. మొక్కల తలలకు జానెడు ఎత్తులో, ఒకదానికొకటి రెండు మూడు అడుగుల దూరంలో వేలాడదీయండి. మొక్క పెరిగితే అట్టనూ పైకి జరపాలి.

బూడిద అట్ట ఎందుకని చాలామంది దాన్ని వదిలేస్తారు. ఈ ప్రయోగానికి ప్రాణం అదే. పురుగు వచ్చింది రంగును చూసా, వట్టి మెరుపును చూసా అన్నది తేల్చేది బూడిద అట్టే. వందేళ్ల కిందట కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త తేనెటీగలతో ఇదే చేశాడు. రకరకాల బూడిద కాగితాల మధ్య ఒక నీలం కాగితం పెట్టి, దాని మీద చక్కెర నీళ్లు తాగడం ఈగలకు అలవాటు చేశాడు. తరువాత నీళ్లు తీసేసినా, కాగితాల చోట్లు మార్చినా అవి నీలం మీదికే వచ్చాయి. ఎరుపుతో అలవాటు చేస్తే మాత్రం ముదురు బూడిద కాగితాలతో కలిపి పొరబడ్డాయి. ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆరో రోజు, తొమ్మిదో రోజు: లెక్క

భూతద్దంతో ఒక్కో అట్టా చూసి రాసుకోండి. రెక్కల మీద తెల్లని పొడి చల్లినట్టుంటే తెల్లదోమ. మెత్తగా, ఉబ్బిన పొట్టతో ఉంటే పేనుబంక. సన్నని నూలుపోగు ముక్కలా ఉంటే తామర పురుగు, గులాబీ రేకుల అంచులు గోధుమ రంగుకు తిరిగేలా చేసేది ఇదే. మొదటి రెండూ పసుపు మీద ఎక్కువగా ఉంటాయి. తామర పురుగుల్లో జాతిని బట్టి తేడా ఉంటుంది. పువ్వుల్లో చేరే జాతులు కొన్ని నీలానికి వస్తాయి, మిరపను పీడించే జాతి ఒకటి పసుపుకూ వస్తుంది. మీ తోటలో ఉన్నదేదో మీ అట్టే చెబుతుంది, అంగడివాడి మాట మీద ఆధారపడక్కర్లేదు. ఎర్ర నల్లికి రెక్కలుండవు, ఏ అట్టకీ దొరకదు. దానికోసం ఆకు తిప్పి అడుగు చూడాల్సిందే.

అట్టల సంఖ్య పెంచకండి. అక్షింతల పురుగుల్లాంటి మేలు చేసేవి కూడా వాటికి అంటుకుని చస్తాయి, నీలానికి తేనెటీగలూ వస్తాయి. పురుగు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఎకరాకు ఐదారు చాలు.

ఈ పది రోజుల్లోనే ఇంట్లో పిల్లల చూపునూ గమనించండి. ముగ్గిన మామిడిపండునూ పచ్చికాయనూ రంగును బట్టి చెప్పలేకపోతున్న కుర్రవాడికి చదువు మీద ధ్యాస లేదని తిట్టకండి. ఎరుపు, ఆకుపచ్చ శంకువుల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మగపిల్లవాడికి అది ఒకటే కాబట్టి అందులో లోపముంటే సరిదిద్దే రెండోది ఉండదు. కళ్ల డాక్టరు దగ్గర రంగుల చూపును పరీక్షించే ఇషిహారా పటాలు చూపిస్తే తేలిపోతుంది. అవి 1917 నుంచీ వాడుకలో ఉన్నాయి.

ఏనుగు చూపు కూడా అలాంటి కుర్రవాడి చూపులాంటిదే. బన్నేరుఘట్ట అడవి దాటి తళి, డెంకణికోట రాగి చేలలోకి దిగే ఏనుగుల కంట్లో శంకువులు రెండు రకాలే. ఆకుపచ్చ శంకువు లేని మనిషి కంట్లో ఉండే వర్ణకాల జంటే ఏనుగు కంట్లోనూ ఉందని 2005లో యోకోయామా అనే శాస్త్రవేత్త బృందం చూపింది. సంక్రాంతి రోజుల్లో మన ఊళ్లలో పరుగెత్తించే ఎద్దులకూ శంకువులు రెండు రకాలే. ఎర్రగుడ్డను చూస్తే ఎద్దు రెచ్చిపోతుందన్నది అబద్ధం. దాన్ని రెచ్చగొట్టేది ఆ గుడ్డ ఊపు.

ఇక మిగిలింది ఎర్ర అట్ట. దాని మీద లెక్క బూడిద అట్టకు దగ్గరగానే ఉండొచ్చు. ఫిబ్రవరి 14 కోసం పెట్టెల్లో సర్ది విదేశాలకు పంపే ఎరుపు, ఆ పాలీహౌస్‌లో తిరిగే పురుగుకు పెద్దగా ఆనదు. నాలుగు రకాల శంకువులున్న తేనెపిట్టకు మాత్రం అది మండిపోతూ కనిపిస్తుంది.

పదో రోజు అట్టలు తుడిచి, కవర్లు దాచి ఉంచండి. మాఘం వెళ్లి ఎండలు ముదిరేటప్పుడు తామర పురుగు పెరుగుతుంది. అప్పుడు అవే నాలుగు అట్టలు అదే చోట మళ్లీ కట్టి, పాత లెక్క పక్కనే కొత్త లెక్క రాసుకోండి.