భాగించి చూసుకో

చిరంజీవి మనవరాలికి,

ఎంత పెద్ద సంఖ్యకైనా కంప్యూటర్ క్షణంలో కారణాంకాలు చెప్పేస్తుంటే చేత్తో లెక్కలు చేయడం ఎందుకని అడిగావు. ముందుగా ఒక మాట: ఎంత పెద్ద సంఖ్యకైనా చెప్పలేదు. ఆర్‌ఎస్‌ఏ-2048 అనే 617 అంకెల సంఖ్య సంయుక్తమని అందరికీ తెలుసు, దాన్ని విడగొట్టినవాళ్లు మాత్రం లేరు. సంయుక్తమని తెలియడం వేరు, కారణాంకాలు దొరకడం వేరు. ఈ తేడా మనసుకు పట్టాలంటే నువ్వు 2⁶⁷−1 కథ తెలుసుకోవాలి.

ఆ సంఖ్య 147573952589676412927. 2ను ఏయే ఘాతాలకు పెంచి 1 తీసేస్తే ప్రధాన సంఖ్యలవుతాయో 1644లో ఫ్రెంచి సన్యాసి మారిన్ మెర్సెన్ ఒక జాబితా ఇచ్చాడు. అందులో 67 కూడా ఉంది. అది తప్పని 1876లో గణితవేత్త ఎడువార్ లూకాస్ తేల్చాడు, అదీ ఒక్క కారణాంకమూ చూపకుండా!

అదెలాగో చిన్న సంఖ్యల మీద చూడు. లూకాస్ వేసిన దారిని తర్వాత లేమర్ అనే గణితవేత్త సులువు చేశాడు. 4తో మొదలుపెట్టు. వర్గం చేసి 2 తీసెయ్. పరీక్షించే సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకో. ఘాతం 7 అయితే ఇలా 5 సార్లు, 11 అయితే 9 సార్లు చెయ్యాలి. చివర సున్నా వస్తేనే ప్రధాన సంఖ్య. 2⁷−1, అంటే 127కు వరుసగా 4, 14, 67, 42, 111, 0 వస్తాయి. 2¹¹−1, అంటే 2047కు చివర 1736 మిగులుతుంది. 23 × 89 అని తెలియకముందే అది సంయుక్తమని రుజువైపోయింది.

2⁶⁷−1 కారణాంకాల కోసం మరో 27 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని బయటపెట్టాడు: 193707721 × 761838257287. ఎంతకాలం పట్టిందని అడిగితే మూడేళ్ల ఆదివారాలు అన్నాడని గణితవేత్త ఇ.టి. బెల్ రాశాడు.

కోల్ గుడ్డిగా వెతకలేదమ్మా. ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యయినా 134 గుణిజం కన్నా 1 ఎక్కువ ఉండి తీరాలి. పైగా 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. ఈ రెండు నియమాలతోనే, మొదటి కారణాంకం దాకా ఉన్న 19 కోట్ల పైచిలుకు సంఖ్యల్లో పరీక్షించాల్సినవి ఏడు లక్షల చిల్లరకు దిగిపోతాయి. కోల్ ఇంతకన్నా పదునైన జల్లెడలు పట్టాడు. వెతకడానికి ముందు ఎక్కడ వెతకనక్కర్లేదో తేల్చుకోవడమే గణితం. కంప్యూటర్ కూడా ఆ పని మనిషి నేర్పితేనే చేస్తుంది.

అందుకే నీకు చెప్పేది ఇదే. ఎంత పెద్దవాళ్లు చెప్పినా జాబితాను జాబితాగానే చూడు, రుజువు అడుగు. కంప్యూటర్ జవాబిస్తే సరిచూసుకో. కోల్ గుణకారంలో రెండు సంఖ్యల అంకెలూ విడివిడిగా కూడితే 37, 64 వస్తాయి. రెండింటికీ 9తో శేషం 1. లబ్ధం అంకెల మొత్తం 109, దానికీ శేషం 1. ఇది పూర్తి రుజువు కాదు, కానీ చాలా పొరపాట్లను పట్టిస్తుంది. పూర్తి నమ్మకం కావాలంటే గుణకారం చేసెయ్, ఒక కాగితం చాలు. వెతకడానికి ఏళ్లు పట్టినదాన్ని సరిచూడటానికి ఒక పూట చాలు. ఆ పూటకు బద్ధకించకు.

ఈ వారం 2²⁹−1, అంటే 536870911 తీసుకో. దీని కారణాంకాలు 58 గుణిజం కన్నా 1 ఎక్కువ ఉండాలి, 8తో శేషం 1 గానీ 7 గానీ రావాలి. 59 మొదలుకొని ఏవేవి ఎందుకు కొట్టేశావో, దేనితో భాగించావో అంతా రాసి పంపు. జవాబు ఒక్కటే పంపితే ఒప్పుకోను.

ఇట్లు
నీ తాతయ్య