గోడ కన్నంలో కాపురం

దివిసీమలో కొబ్బరి, కూరపాదులు పెంచుతూ పెద్దవాణ్ణయ్యాను. కుట్టని చిన్న తేనెటీగల గురించి మా మనవలకు చెప్పే మాటలివి.

1. ముందు గుర్తుపట్టండి. నల్లగా, మూడు నాలుగు మిల్లీమీటర్లుంటాయి. దోమలనుకుని స్ప్రే కొట్టేస్తుంటారు. గోడ పగుల్లోంచి మైనం, జిగురు కలిపి చేసిన సన్నటి గొట్టం పొడుచుకొచ్చిందంటే అదే వాటి వాకిలి. దాని అంచున కాపలా ఈగలు తలలు బయటపెట్టి కూర్చుంటాయి. చీమలు రాకుండా చుట్టూ బంక పూస్తాయి. కుట్టడానికి ముల్లు లేదు. మరీ విసిగిస్తే జుట్టులో దూరి కొరుకుతాయి.

2. గోడ పడగొట్టేముందు ఒక్కసారి చూడండి. నా మాటల్లో ఒక్కటే గుర్తుంటే ఇదే ఉండాలి. కొమ్మకు పట్టుపెట్టే తేనెటీగలు ఇబ్బందొస్తే రాణితో సహా లేచిపోయి ఇంకో చోటు చూసుకుంటాయి. వీటి రాణి గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక పొట్ట బరువెక్కి ఇక ఎగరలేదు. గూడు పోతే ఆ కాపురం అక్కడితో సరి. 1977 నవంబరు 19 ఉప్పెనకు మట్టిగోడలు కరిగి, చెట్లు కూలినచోట వీటికి తప్పించుకునే దారే లేదు. ఇప్పుడు బందరులో, అవనిగడ్డలో పాత ఇళ్ళు తీసి స్లాబులు వేస్తున్నారు. వేసుకోవాల్సిందే. కానీ కన్నానికి సిమెంటు మెత్తకుండా, పొద్దువాలాక రాణినీ పిల్లల అరలనూ జాగ్రత్తగా కుండలోకో చెక్కపెట్టెలోకో మార్చి, పాత వాకిలి ఉన్నచోటే పెట్టండి. కేరళలో వెదురుబొంగుల్లో, కుండల్లో చక్కగా పెంచుతున్నారు.

3. తేనెకు ఆశపడకండి. శనగగింజలంత మైనపు తిత్తుల్లో దాచుకుంటాయి. ఏడాదంతా కలిపినా అరకిలో దాటడం అరుదు. పుల్లగా, పల్చగా ఉంటుంది, తొందరగా పులుస్తుంది. ఇలాంటి ఈగల తేనెలో ట్రెహలులోస్ అనే అరుదైన చక్కెర ఉందని 2020లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చెప్పారు. అంతమాత్రాన షుగరుకు మందని ఎవరైనా అమ్మితే నమ్మకండి. కంట్లో వేయకండి. ఏడాది నిండని బిడ్డకు ఏ తేనెనూ నాకించకండి.

4. వరికి వీటితో పనిలేదు. దోస, కాకర పాదులకుంది: మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు ఎవరో ఒకరు మోయాలి. ఆ పూలు విచ్చేది పొద్దున్నే. మినుముకైనా, కూరపాదుకైనా మందు తప్పనిసరైతే సాయంత్రం కొట్టండి.

5. ఇవి మామూలుగా కొన్ని వందల మీటర్లు దాటి పోవు. గుడివాడ వైపు పొలాలన్నీ చేపల చెరువులైనచోట గట్లే వాటికి దిక్కు. కొబ్బరి దాదాపు నెలకో పొత్తు వేస్తుంది, పుప్పొడికి లోటుండదు. దాని పక్కన మునగ, వేప, నాలుగు తులసి మొక్కలు వేయండి. గట్టుమీద గడ్డిమందు మాత్రం మానండి.